ఇంటి దగ్గరే కారు ఫెండర్‌కు రంగు వేసుకోవాలనుకుంటున్నాను: మొదటిసారి చేసేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉక్కునగరం (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 2012 నాటి తెల్ల మారుతి ఆల్టో ఉంది. ఎడమ వైపు ముందు ఫెండర్ (ముందు చక్రం మీద కప్పే రేకు) గేటు స్తంభానికి రాసుకుని, చక్రం వంపు పైన జానెడు పొడవున గీత పడి రెండేళ్లు దాటింది. అప్పుడే పట్టించుకుని ఉంటే చిన్న టచప్‌తో పోయేది. సముద్రపు గాలి తగిలే ఊరు కావడంతో గీత లోపల తుప్పు పుట్టి, రెండు పక్కలా పెయింటు అప్పడంలా ఉబ్బింది. నిన్న గోటితో గీకితే రూపాయి బిళ్లంత పెళ్ల ఊడి వచ్చి, కింద గోధుమ రంగు పొడి కనిపించింది.

బీమా క్లెయిము చేసే ఉద్దేశం లేదు. ఐదేళ్లకు పైగా క్లెయిము లేకుండా నెట్టుకొచ్చినందువల్ల 50 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తోంది. ఇంత చిన్న పనికి దానిని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. షాపుకు ఇవ్వగలను, కానీ ఈ పని నా చేతులతో నేర్చుకోవాలని చాలా కాలంగా ఉంది. గాలి కంప్రెసర్ గాని, రంగు చిమ్మే గన్ను గాని లేవు కాబట్టి స్ప్రే డబ్బాలతోనే చేయాలి. ఇంటి కింద రెండు వైపులా తెరిచి ఉన్న షెడ్డు ఉంది. బానెట్ ఎత్తితే కనిపించే ప్లేటు మీద రంగు కోడు 26యు అని ఉంది. డబ్బాలతో వేసిన రంగు నిలుస్తుందా, మా ఊరి తేమలో ఏ వేళ వేయాలి, పాత తెలుపుతో కొత్త తెలుపు కలుస్తుందా అన్నవి నా మూడు సందేహాలు.

కృష్ణాతీరం (విజయవాడ)

బాబూ, నేను ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా పెయింటు పని చేసి, ఈ మధ్యనే గన్ను పక్కన పెట్టాను. మీరు ఎంచుకున్న భాగం మొదటిసారి చేసేవారికి అన్నిటికంటే అనుకూలమైనది, అందుకు రెండు కారణాలున్నాయి.

మొదటిది రంగు. 26యు అంటే సుపీరియర్ వైట్, అది మెరుపు రేకులు లేని సాదా తెలుపు. సిల్వర్ వంటి మెటాలిక్ రంగులో అల్యూమినియం రేకులు ఉంటాయి. గన్ను దూరం నాలుగు వేళ్లు మారినా, కోటు కాస్త తడిగా పడినా ఆ రేకులు వేరే కోణంలో పడుకుని, అదే డబ్బాలోని అదే రంగు ఒకచోట ముదురుగానూ మరొకచోట లేతగానూ కనిపిస్తుంది. సాదా తెలుపుకు ఆ బాధ లేదు.

రెండవది, ముందు ఫెండర్‌కు నాలుగు పక్కలా అంచులు ఉన్నాయి. రంగును ఎక్కడ ఆపాలన్న ప్రశ్నే రాదు, అంచు దగ్గర ఆగిపోతుంది. వెనుక చక్రం పైన ఉండే భాగమైతే పైకప్పు దాకా ఒకే రేకు కాబట్టి, మధ్యలో ఎక్కడో ఒకచోట కొత్త రంగును పాతదానిలో కలపక తప్పదు. అందుచేత మీకు నేను చెప్పే మొదటి మాట ఇది: గీత జానెడే అయినా, రంగు మాత్రం ఫెండర్ మొత్తానికి వేయండి. గీత మీద మాత్రమే కొడితే అతుకు వేసినట్టు జీవితాంతం కనబడుతుంది.

ఇక డబ్బాల గురించి తరువాత మాట్లాడుకుందాము. నూటికి ఎనభై వంతుల పని నీళ్లూ, వాటర్ పేపరూ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం), ఓపికా. రంగు ఏ లోపాన్నీ కప్పదు, ఉన్నదానిని మెరిపించి మరీ చూపిస్తుంది. మా నాన్నగారి కాలంలో కారు రంగు ఏదైనా డ్యూకో అనే అనేవారు. అది అమెరికాలో డ్యూపాంట్ సంస్థ 1923లో తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లక్కర్ పేరు. అంతకుముందు ఒక కారుకు రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేదట, డ్యూకో వచ్చాక అది గంటల పని అయింది. ఆరడం తగ్గింది గాని, కింద రుద్దే పని నాటికీ నేటికీ తగ్గలేదు.

గోల్కొండ దారి (హైదరాబాదు)

పెద్దాయన చెప్పిన మెటాలిక్ సంగతి నేను అనుభవించినవాణ్ణి. మూడేళ్ల క్రితం నా సిల్వర్ కారు వెనుక బంపర్‌ను ఇంట్లోనే చేశాను. రంగు తేడా ఒక్కటే అయితే సరిపెట్టుకునేవాణ్ణి. బంపర్ ప్లాస్టిక్‌దని, దానికి ముందుగా ప్లాస్టిక్ ప్రైమర్ (రంగుకు పట్టు దొరికేలా కింద వేసే పూత) పట్టించాలని నాకు తెలియదు. ఇనుముకు వాడే ప్రైమరే వేశాను. రెండు నెలలకు కారు కడిగే కుర్రాడు పైపుతో గట్టిగా నీళ్లు కొట్టగానే అరచేతి వెడల్పున రంగు పాల మీగడలా లేచి వచ్చింది. తప్పు పూర్తిగా నాదే. మీది ఇనుప రేకు గనుక ఆ చిక్కు లేదు.

ఉక్కునగరం (విశాఖపట్నం)

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆదివారం మొదలుపెట్టాను. ముందు షాంపూతో కడిగి, ఆరాక వ్యాక్స్ తొలగించే ద్రావకంతో రెండుసార్లు తుడిచాను. గీత చుట్టూ మొదట 180 నంబరు గరుకు కాగితంతోనూ, ఆపై అంతకంటే సన్నని 320 నంబరుతోనూ రుద్దుతూ అంచును పలచబరుస్తూ పోతే చాలా అందమైన దృశ్యం కనిపించింది. నడుమ మెరిసే ఇనుము, దాని చుట్టూ సన్నని ముదురు బూడిద రంగు చార, దాని బయట లేత బూడిద, ఆపైన తెలుపు. చెట్టు మొద్దు కోస్తే కనిపించే వలయాల మాదిరిగా ఉంది. ఫ్యాక్టరీలో వేసిన పొరలన్నీ ఒక్కచోట చదువుకున్నట్టయింది.

అయితే తుప్పు ఉన్నచోట ఇనుము నునుపుగా లేదు, సూదితో పొడిచినట్టు నల్లని గుంటలు ఉన్నాయి. ఎంత రుద్దినా ఆ నలుపు పోవడం లేదు. దాని మీదే పట్టీ (గుంటలు పూడ్చే ముద్ద) పెట్టవచ్చా?

కృష్ణాతీరం (విజయవాడ)

పెట్టకూడదు. ముందుగా చీకటి పడ్డాక ఫెండర్ లోపలి వైపు నుంచి సెల్‌ఫోను లైటు వేసి బయట నుంచి చూడండి. ఒక్క చుక్క వెలుతురు కనిపించినా రేకు చిల్లు పడినట్టే. చిల్లు మీద పట్టీ పెడితే బయటికి ఎంత నున్నగా ఉన్నా, వెనుక నుంచి చక్రం చిమ్మే తడి దానిలోకి చేరి ఏడాది తిరక్కుండా ఉబ్బుతుంది. అలాంటప్పుడు వెల్డింగు చేయించాలి, లేదా కొత్త ఫెండర్ కొనాలి.

ఇక్కడ మీకు కలిసి వచ్చే విషయం ఒకటుంది. ముందు ఫెండర్ వెల్డింగుతో అతికినది కాదు, బోల్టులతో బిగించినది. చక్రం లోపలి ప్లాస్టిక్ కవచమూ, బంపర్ చివరా వదులు చేసి, హెడ్‌లైటు పక్కన ఉన్నవాటితో సహా బోల్టులన్నీ తీస్తే చేతిలోకి వచ్చేస్తుంది. తీసే ముందు ప్రతి బోల్టు చుట్టూ పెన్సిలుతో గీత గీసి పెట్టుకోండి. తిరిగి బిగించేటప్పుడు తలుపుతోనూ బానెట్‌తోనూ సందు సమానంగా రావడానికి ఆ గీతలే దిక్కు. విడదీసి చేస్తే తలుపుకూ, అద్దానికీ, టైరుకూ రంగు పడకుండా మాస్కింగు కప్పే శ్రమ తప్పుతుంది, లోపలి అంచులో దాగిన తుప్పు కూడా బయటపడుతుంది.

ప్రయోగశాల (హనుమకొండ)

నేను డిగ్రీ కళాశాలలో రసాయన శాస్త్రం బోధిస్తాను, సొంత స్కూటర్ల మీద ఈ పనులు చేసుకుంటూ ఉంటాను. ఆ నల్లని గుంటల గురించి రెండు మాటలు చెబుతాను.

గుంట అడుగున ఉన్న తుప్పును కాగితం అందుకోలేదు. దానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు నివారిణిని బ్రష్షుతో పూసి, డబ్బా మీద రాసిన సమయం ఉంచితే, తుప్పు ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుతుంది. ఆ తరువాత డబ్బా మీద చెప్పిన పద్ధతిలో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. టానిక్ ఆమ్లంతో చేసిన మరో రకం ఉంది, అది తుప్పును నల్లని ఐరన్ టానేట్‌గా మారుస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత పుట్టేది ఈ చర్య వల్లనే. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టిన కసీమి, కరక్కాయ పట్టించిన బట్ట మీద పడగానే నల్లబారుతుంది. కరక్కాయలోని టానిన్ అక్కడ చేసే పనినే మీ ఫెండర్ మీద సీసాలోని ద్రావకం చేస్తుంది.

ఒక హెచ్చరిక. శుభ్రమైన ఇనుమును విశాఖలో రాత్రంతా వట్టిగా వదలకండి. తెల్లారేసరికి పసుపు రంగు పొర పట్టి, మళ్లీ మొదటికి వస్తుంది. అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ వేసి, అది గట్టిపడ్డాక 180 నంబరుతో గరుకు చేసి, దాని మీద పట్టీ పెట్టండి. ఆమ్లం కలిసిన ఎచ్ ప్రైమర్ మీద మాత్రం పాలియెస్టర్ పట్టీ పెట్టవద్దు. ఆమ్లం పట్టీని సరిగా గట్టిపడనివ్వదు.

మరొకటి, ఇది పెద్దలు కృష్ణాతీరం గారు అంగీకరిస్తారో లేదో తెలియదు. మన షాపులలో పట్టీని నీళ్లు పోస్తూ రుద్దుతారు. పాలియెస్టర్ పట్టీలో టాల్క్ వంటి ఖనిజపు పొడి చాలా ఉంటుంది, దానిలోని సన్నని రంధ్రాలు నీటిని పీల్చుకుంటాయి. ఆ నీరు లోపల ఉండగానే పైన రంగు పడితే, ఎండ తగిలినప్పుడు ఆవిరై పొక్కులు లేస్తాయి. పట్టీని పొడిగానే రుద్దాలి, ముక్కుకు మాస్కు కట్టుకుని.

కృష్ణాతీరం (విజయవాడ)

లెక్చరర్ గారూ, మీరు చెప్పింది నిజమే. మేము నీళ్లతో రుద్దింది దుమ్ము ఊపిరితిత్తులలోకి పోకుండా, కాగితం ఎక్కువసేపు నిలిచేలా. మే నెలలో విజయవాడ ఎండకు బండిని రోజంతా బయట పెట్టేవాళ్లం కాబట్టి తడి మిగిలేది కాదు. వానాకాలంలో అదే పద్ధతిలో చేసిన బండ్లు కొన్ని పొక్కులతో తిరిగి వచ్చిన మాట కూడా నిజమే, ఆ తప్పును అప్పట్లో మేము ప్రైమర్ మీదకు నెట్టేవాళ్లం. ఉక్కునగరం బాబూ, పట్టీని పొడిగా రుద్దండి. ప్రైమర్ మీద, రంగు మీద మాత్రం నీళ్లతో రుద్దవచ్చు.

పట్టీ కలిపే కొలత: నిమ్మకాయంత పట్టీకి శనగ గింజంత ఎర్ర హార్డనర్ (పట్టీని గట్టిపరిచే ముద్ద), తూకంలో రెండు శాతం దగ్గర. ఎండాకాలంలో ఇంకాస్త తక్కువ. గీతలు గీతలుగా ఎరుపు కనిపించకుండా అంతా ఒకే లేత గులాబీ రంగులోకి వచ్చేదాకా పలక మీద నొక్కి కలపండి, గరిటె తిప్పినట్టు తిప్పితే గాలి బుడగలు చేరి తరువాత సూది బెజ్జాలు అవుతాయి. త్వరగా గట్టిపడాలని హార్డనర్ ఎక్కువ వేయవద్దు. అది ఎక్కువైతే పై రంగులోకి ఊరి మరక వేస్తుంది, తెలుపు మీద ఆ పసుపు మరక దాచలేము. కలిపాక మీకు ఐదు నిమిషాలకు మించి వ్యవధి ఉండదు, కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకోండి.

చేతి వేళ్లతో కాగితం పట్టుకుని రుద్దవద్దు. వేళ్ల సందులు గాడులుగా పడతాయి. రబ్బరు బ్లాకుకు గాని, నున్నని చెక్క ముక్కకు గాని చుట్టి, అడ్డంగా కాకుండా ఐమూలగా రుద్దండి. కళ్లు మోసం చేస్తాయి, అరచేయి చేయదు. చేతికి పలచని గుడ్డ చుట్టుకుని కళ్లు మూసుకుని ఫెండర్ మీద ముందు నుంచి వెనక్కి మెల్లగా జరపండి. ఎత్తుపల్లాలు అప్పుడు తెలుస్తాయి. నాకు ఈ విద్య నేర్పిన మేస్త్రీ గారు పట్టీ పనిని ఎప్పుడూ చూసి ఒప్పుకునేవారు కాదు, తడిమే ఒప్పుకునేవారు.

ఉక్కునగరం (విశాఖపట్నం)

లైటు పరీక్ష చేశాను. చిల్లు లేదు. ఫెండర్ విప్పాను. లోపలి మడతలో, చక్రం చిమ్మిన మట్టి గడ్డకట్టి, దాని కింద తుప్పు బయటి గీత కంటే ఎక్కువగా ఉంది. విప్పకపోయి ఉంటే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు. రెండు వైపులా శుభ్రం చేసి, ఫాస్ఫారిక్ ద్రావకం పూసి కడిగి, అదే సాయంత్రం ఎపాక్సీ ప్రైమర్ వేశాను. పట్టీ మూడుసార్లు పెట్టవలసి వచ్చింది. మొదటిది సరిగా కలపకపోవడంతో ఒక మూల జిగురుగానే ఉండిపోయింది, గీకి తీసేశాను.

ఇప్పుడు పైకోటు సంగతి. ఒకే డబ్బాలో వచ్చే మామూలు (1కె) క్లియర్, అంటే రంగు లేని మెరుపు పూత, వేయాలా, లేక హార్డనర్ కలిసే రెండు భాగాల (2కె) క్లియర్ వేయాలా? దుకాణంలో 2కె వేస్తేనే పెట్రోలు పడినా చెదరదని చెప్పారు.

డాలస్ తెలుగు (అమెరికా)

ఇక్కడ 2కె క్లియర్ స్ప్రే డబ్బాలలోనే దొరుకుతుంది. డబ్బా అడుగున ఉన్న మీట నొక్కితే లోపల హార్డనర్ గొట్టం పగిలి కలుస్తుంది. కలిశాక ఒకటి రెండు రోజులలోపే వాడేయాలి, తరువాత లోపలే గట్టిపడుతుంది. దుకాణదారు చెప్పింది సరైనదే. మామూలు క్లియర్ కేవలం థిన్నర్ (రంగును పలచబరిచే ద్రావకం) ఎగిరిపోయి ఆరుతుంది కాబట్టి, మళ్లీ థిన్నరో పెట్రోలో తగిలితే కరుగుతుంది. 2కె రసాయనికంగా బిగుసుకుంటుంది, మళ్లీ కరగదు.

నేను నా గరాజులో తలుపు మూసి, మామూలు గుడ్డ మాస్కుతో ఒక తలుపుకు 2కె వేశాను. ఆ రాత్రి ఛాతీ పట్టేసినట్టు అయి, ఊపిరి తీస్తే పిల్లికూతలు వచ్చాయి. వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న ఏ పెయింటు వాడారు అని. ఇది చదివేవారెవరూ నేను చేసిన పని చేయకూడదని రాస్తున్నాను.

ప్రయోగశాల (హనుమకొండ)

డాలస్ తెలుగు గారు ఇది రాసినందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఈ చర్చ మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే విషయం ఇదే.

2కె హార్డనర్‌లో ఉండేవి ఐసోసయనేట్లు. ఆ పేరు వినగానే మనకు 1984 నాటి భోపాల్ గుర్తుకు వస్తుంది. అక్కడ వెలువడినది మిథైల్ ఐసోసయనేట్, చాలా తేలికగా ఆవిరయ్యే విషం. పెయింటులో ఉండేది అదే పదార్థం కాదు, ఎక్కువగా పెద్ద అణువులుగా ముడిపడిన హెక్సామిథిలీన్ డైఐసోసయనేట్. అది డబ్బాలో ఉన్నప్పుడు అంతగా ఆవిరి కాదు, కానీ స్ప్రే చేసినప్పుడు పుట్టే సన్నని తుంపర నేరుగా ఊపిరితిత్తుల లోపలికి చేరుతుంది. చర్మం మీద పడినా ప్రమాదమే. కొందరి శరీరం దానికి ఒకసారి ఎదురు తిరగడం మొదలుపెట్టిందంటే, ఆ తరువాత అతి కొద్ది మోతాదు తగిలినా ఉబ్బసం వస్తుంది, అది జీవితాంతం ఉండిపోవచ్చు. హాని కలిగించే మోతాదులో కూడా వాసన తెలియకపోవచ్చు కాబట్టి, వాసన రావడం లేదు గనుక క్షేమమే అనుకోవడానికి లేదు. గుడ్డ మాస్కులూ ఎన్95 మాస్కులూ ఆవిరిని ఆపవు. ఈ పనికి సరైన రక్షణ బయటి నుంచి గొట్టం ద్వారా శుభ్రమైన గాలి అందించే ముసుగు, అది ఇళ్లలో ఉండదు.

అందువల్ల నా సలహా ఇది. ఫెండర్ ఇప్పటికే విప్పి ఉంది. ప్రైమర్, రంగు మీరే వేయండి, అవి 1కె రకమైనా సరే ఆర్గానిక్ ఆవిరి కార్ట్రిడ్జి మాస్కు పెట్టుకుని, గాలి ఆడేచోట, దగ్గరలో గ్యాస్ పొయ్యి గాని దీపం గాని లేకుండా చూసుకుని. థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువైనది, నేల మీద పాకుతూ దూరంలోని మంటను కూడా అందుకోగలదు. రంగు ఆరాక ఫెండర్‌ను ఆటోలో పెట్టుకుని, బూత్ (రంగు చిమ్మడానికి కట్టిన మూసిన గది) ఉన్న షాపుకు తీసుకుపోయి, క్లియర్ మాత్రం వారిచేత వేయించండి.

కృష్ణాతీరం (విజయవాడ)

ఆ సలహాను నేను రెండు చేతులా సమర్థిస్తాను. మేము ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఈ పని చేసిన తరం వాళ్లం. నాతో కలిసి పని నేర్చుకున్నవారిలో ఇద్దరు ఇవాళ ఇన్‌హేలర్ లేకుండా మెట్లు ఎక్కలేరు.

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

తేమ గురించి అడిగినదానికి ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మాదీ నది ఒడ్డు ఊరే. రంగు మీద పాలపొడి చల్లినట్టు తెల్లని మసక రావడాన్ని బ్లషింగ్ అంటారు. థిన్నర్ ఎగిరిపోతూ రేకును చల్లబరుస్తుంది. గాలి 30 డిగ్రీలు ఉండి తేమ 80 శాతం ఉంటే, 26 డిగ్రీల దగ్గరే గాలిలోని తేమ నీటి బిందువులుగా మారడం మొదలవుతుంది. అంటే రేకు నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, కంటికి కనిపించని నీటి బిందువులు తడి రంగు మీద దిగిపోతాయి. చల్లని చెంబు పైన నీళ్లు పట్టడం లాంటిదే ఇది. తెలుపులో ఈ మసక కనిపించదని మురిసిపోవద్దు, మెరుపు చచ్చిపోతుంది, పై పొర పట్టు కూడా తగ్గుతుంది.

కనుక వాన వచ్చిన మరునాడు వేయవద్దు, తెల్లవారుజామున మంచు ఉండగా వేయవద్దు. ఉదయం తొమ్మిది దాటాక ఎండ ఎక్కి, గాలి పొడిబారే వేళ మంచిది. మీ ఊళ్లో మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తిరుగుతుంది కాబట్టి అప్పటికి ముగించండి. అలాగని ఎండలో పెట్టిన రేకు మీద కొట్టకండి, రంగు చేరేలోపే ఆరిపోయి గరుకుగా, ఇసుక చల్లినట్టు అవుతుంది.

చేతి కదలిక: డబ్బాను లోపలి గోలీ చప్పుడు మొదలయ్యాక మరో రెండు నిమిషాలు ఊపండి. దూరం జానెడు, 20 నుంచి 25 సెంటీమీటర్లు. రేకు బయట మొదలుపెట్టి రేకు బయటే ఆపండి, రేకు మీద మీట వదిలితే అక్కడ చుక్కలు పడతాయి. ప్రతి వరుసా కింది వరుసను సగం కప్పాలి. మణికట్టు తిప్పకుండా భుజం నుంచి చేయి మొత్తం జరగాలి, గోడకు సున్నం వేసినట్టు. మొదటి కోటు రంగు పూర్తిగా కప్పకూడదు, పలచగా మంచు పడ్డట్టు ఉండాలి. కప్పేయాలన్న ఆత్రంతో మొదటి కోటే దట్టంగా వేస్తే జారుతుంది. కోటుకూ కోటుకూ నడుమ పది పదిహేను నిమిషాలు ఆగండి. ఫెండర్ మీదకు పోయేముందు ఏదైనా పాత రేకు ముక్క మీద, దానిని నిలువుగా నిలబెట్టి, సాధన చేయండి. పడుకోబెట్టిన రేకు మీద రంగు జారదు కాబట్టి ఆ సాధన ఉపయోగపడదు.

ఉక్కునగరం (విశాఖపట్నం)

అన్నీ చదివి, ముద్రించి షెడ్డు గోడకు అంటించుకున్నాను. రంగు దుకాణంవారు కోడు చూసి కలిపి ఇస్తామన్నారు గాని, పదేళ్లకు పైబడిన తెలుపు ఎండకు కాస్త పసుపు తిరిగి ఉంటుందని పెట్రోలు మూత పైన ఉండే రేకు తలుపును తెమ్మన్నారు. దానిని పాలిష్‌తో ఒక మూల శుభ్రం చేసి, కలిపిన రంగును దాని పక్కన పెట్టి చూసి, మూడు చుక్కలు పసుపూ ఒక చుక్క నలుపూ కలిపి, రెండు డబ్బాలలో నింపి ఇచ్చారు. నీడలోనూ ఎండలోనూ రెండు చోట్లా చూపించారు. ఆ శ్రద్ధకు నాకు చాలా సంతోషం కలిగింది.

సర్ఫేసర్ ప్రైమర్ రెండు కోట్లు వేశాను. మరునాడు పల్లాలు బయటపడేలా దాని మీద నల్ల స్ప్రేను దూరం నుంచి పలచగా చల్లి, 600 నంబరు వాటర్ పేపరుతో బ్లాకు పట్టి రుద్దాను. నలుపు అంతటా పోయింది, పట్టీ అంచున మాత్రం కనుబొమ్మ ఆకారంలో ఒక నల్లని చార మిగిలింది. అరచేయి కూడా పట్టుకోలేని పల్లం అది. మళ్లీ ప్రైమర్ వేసి రుద్దితే పోయింది. ఆపైన 800 నంబరుతో ముగించాను.

శనివారం ఉదయం రంగు వేశాను. మొదటి కోటు చక్కగా పడింది. రెండవ కోటులో ముందు అంచు దగ్గర చిన్న చిన్న గుండ్రని గుంటలు విచ్చుకున్నాయి, రంగు అక్కడి నుంచి పారిపోయినట్టుగా. దయచేసి ఏమి చేయాలో చెప్పండి, అక్కడితో ఆపేశాను.

కృష్ణాతీరం (విజయవాడ)

ఆపి మంచి పని చేశారు. అవి చేప కళ్లు. సిలికాన్ గాని, నూనె గాని తగిలినచోట రంగు నిలవక అలా విచ్చుకుంటుంది. డాష్‌బోర్డు పాలిష్, టైరు పాలిష్, తలనూనె రాసుకున్న చేయి, వీటిలో ఏది తగిలినా చాలు. ఇంకా రంగు కుమ్మరించి గుంటలు నింపాలని చూస్తే గుంట చుట్టూ గట్టు కడుతుంది. పూర్తిగా ఒకరోజు ఆరనిచ్చి, ఆ భాగాన్ని 800 నంబరుతో గుంట అడుగు మాయమయ్యేదాకా రుద్ది, వ్యాక్స్ తొలగించే ద్రావకంతో ఒక గుడ్డతో తుడిచి, అది ఆరకముందే మరో పొడి గుడ్డతో ఎత్తండి. ఒకే గుడ్డతో తుడిస్తే నూనె అటూ ఇటూ జరుగుతుందే తప్ప పోదు. తరువాత పలచని కోట్లు.

ఉక్కునగరం (విశాఖపట్నం)

కారణం దొరికింది. కోట్ల నడుమ ఫెండర్‌ను జరపడానికి ముందు అంచును పట్టుకున్నాను, ఆ పూట తలకు కొబ్బరినూనె రాసుకుని ఉన్నాను. మీరు చెప్పినట్టే ఆరబెట్టి, రుద్ది, రెండు గుడ్డలతో తుడిచి, చేతికి తొడుగులు వేసుకుని మళ్లీ మూడు పలచని కోట్లు వేశాను. ఒక్క గుంట రాలేదు. ఆ మరునాడు ఫెండర్‌ను దుప్పటిలో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని బూత్ ఉన్న షాపుకు తీసుకువెళ్లాను. క్లియర్ రెండు కోట్లు వేసిన అబ్బాయి గాలి గొట్టం ముసుగు పెట్టుకునే వేశాడు, అది చూశాకే నేను ఒప్పుకున్నాను.

నిన్న బిగించాను. పెన్సిలు గీతలు ఉన్నా, తలుపు వైపు సందు సరిచేయడానికి గంటన్నర పట్టింది. నీడలో చూస్తే ఏ ఫెండర్ కొత్తదో మా ఇంట్లో వారు చెప్పలేకపోయారు. సాయంత్రం ఏటవాలు ఎండలో మాత్రం, ఎక్కడ చూడాలో తెలిసిన నాకు, పట్టీ అంచు వెంట్రుకంత గీతగా కనిపిస్తోంది.

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

అభినందనలు. ఆ వెంట్రుక గీత పట్టీ, ప్రైమర్ ఆరుతూ కుంగడం వల్ల వస్తుంది. ప్రైమర్‌కు ఇంకో రెండు రోజులు సమయం ఇచ్చి రుద్ది ఉంటే తగ్గేది. ఇప్పుడు దాని జోలికి పోవద్దు. నెల రోజుల పాటు వ్యాక్స్ పూయకండి. పిట్టల రెట్ట పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి. లోపలి మడతకు ఏమి పూశారు?

ఉక్కునగరం (విశాఖపట్నం)

ఎపాక్సీ మీద తెల్లరంగు ఒక కోటు, దాని పైన బ్రష్షుతో మైనం కలిసిన అండర్‌బాడీ పూత వేశాను. నీరు నిలవకుండా మడత అడుగున ఉన్న రెండు రంధ్రాలను సూదితో తెరిచి ఉంచాను. అవి మట్టితో పూడుకుపోయి ఉన్నాయి, అసలు తుప్పు అక్కడి నుంచే మొదలైందని నా అనుమానం. కుడి వైపు ఫెండర్ కవచం కూడా వచ్చే ఆదివారం విప్పి చూస్తాను. వానలు వెళ్లాక, కార్తీక మాసంలో, రెండు వైపుల లోపలి అంచుల ఫోటోలూ ఇక్కడే పెడతాను.